చెయ్యి తిరగాలంటే చూపు కుదరాలి

నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు బయల్దేరబోతోంది. ఇంజను మోతకి పక్కనున్నవాళ్ళ మాట కూడా వినపడటం లేదు. కిటికీ సీట్లో కూర్చున్న కుర్రాడు కింద నిలబడ్డ స్నేహితుడితో తాపీగా మాట్లాడుతున్నాడు, చేతులతో. ఇద్దరూ బధిరులే. అప్పటికి నేను భారతీయ సైగల భాష మొదలుపెట్టి ఆరు నెలలు. నోటుపుస్తకంలో నాలుగు వందల సైగలు రాసుకున్నాను. ఏది అడిగినా చేసి చూపించగలను. వాళ్ళ సంభాషణలో నాకు అందినవి రెండే మాటలు: అమ్మ, రేపు. అమ్మ రేపు వస్తోందా, వెళ్తోందా, ఆమెకి ఒంట్లో బాగోలేదా, ఏమీ తెలియలేదు. బస్సు కదిలాక కింద ఉన్న కుర్రాడు నా వైపు తిరిగాడు. పలకరింపుగా చెయ్యెత్తాను. అతను ఏదో అడిగాడు. అదీ అర్థం కాలేదు. నవ్వి, తల ఊపి, వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే లోపం ఎక్కడుందో తెలిసింది. ఆరు నెలలూ నేను చెప్పడమే సాధన చేశాను. ఎదుటివాళ్ళు చెప్పేది అందుకోవడం ఒక్కరోజు కూడా సాధన చెయ్యలేదు. పుస్తకం, యాప్, అద్దం ఈ మూడూ మన చేతులకే పని పెడతాయి, కంటికి పెట్టవు. నోటి భాష నేర్చుకునేటప్పుడు ఈ ఇబ్బంది ఉండదు. తెలుగు రాని చోటు నుంచి వచ్చిన కోడలు ఏడాదిపాటు ఇంట్లో, వీధిలో, బావి దగ్గర వింటూనే ఉంటుంది. ముందు అర్థమవుతుంది, తర్వాత నోరు పెగులుతుంది. సైగల భాష అలా గాలిలో వచ్చి చెవిన పడదు. దాన్ని మాట్లాడేవాళ్ళు కంటికి ఎదురుగా ఉంటేనే ఉంటుంది. మన పల్నాడులో వాళ్ళు కలిసి కూర్చునే చోటు దొరకడం కష్టం.

అందుకే ఈ అధ్యాయం మొత్తం ఒక్క సంగతి మీదే: తోడు లేని చోట ఉంటూ చూపుకి సాధన ఎలా ఇవ్వాలి, తోడుని ఎక్కడ వెతుక్కోవాలి.

ఒంటరితనం మనకంటే ముందు వాళ్ళది

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడింది. కాగితం మీద కొత్త జిల్లా, నేల మాత్రం పాతదే. పల్లెకీ పల్లెకీ మధ్య మిరప చేలు, పత్తి చేలు, సున్నపురాయి క్వారీలు. వినికిడి లేని బిడ్డని చదివించాలనుకున్న తల్లిదండ్రులు బాపట్ల లాంటి చోట ఉన్న ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలకి పంపుతారు. అక్కడ, హాస్టల్లో, తోటి పిల్లల చేతుల నుంచి ఆ బిడ్డకి భాష వస్తుంది. చదువు అయ్యాక ఉద్యోగం హైదరాబాదులోనో విజయవాడలోనో. పండగకి ఊరొస్తే ఇంట్లో వాళ్ళెవరికీ ఆ భాష తెలియదు. బడికి వెళ్ళని వాళ్ళు ఊళ్ళోనే ఉండిపోతారు, ఊరికి ఒకరో ఇద్దరో. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నట్టు నమోదైనవాళ్ళు దేశం మొత్తం మీద 50 లక్షల పైచిలుకు. అంతమంది ఉండీ ఒకరికొకరు తెలియకపోవడమే అసలు కష్టం.

మా బాబాయి అలాంటివాడే. గురజాల పక్కన పల్లె. పుట్టుకతో వినపడదు. ఊరంతా ‘మూగాయన’ అనేవాళ్ళు. గొంతు లేదా అంటే ఉంది, ఎద్దుల్ని అదిలిస్తే అవతలి గట్టుకి వినపడేది. ఆయన సైగలు ఆయనవే. మీసం దువ్వి, భుజం మీద తువ్వాలు సర్దితే ఊరి పెద్ద. నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంటే మిరప. నన్ను చూస్తే ఎడమ కనుబొమ్మ మీద వేలితో ఒక గీత గీసేవాడు. చిన్నప్పుడు వేపచెట్టు మీంచి పడి అక్కడ గాటు పడింది నాకు. ఏడిపించడానికే అలా చేస్తున్నాడనుకుని ఉడుక్కునేవాణ్ణి. ఇంట్లో వాళ్ళకి ఆయన చెప్పేదాంట్లో తిండి, పని, డబ్బు, జబ్బు అర్థమయ్యేవి. అంతకు మించి ఆయన ఏం చెప్పాలనుకున్నాడో ఎవరం అడగలేదు.

ఇలాంటి వాటిని ఇంటి సైగలు అంటారు. వాటికీ పూర్తి భాషకీ తేడా తెలుసుకోవాలి. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. ఆ వేళ్ళు ధర ఒక్కటే చెబుతాయి. ఎద్దు నిరుడు ఎవరి దగ్గరుందో, అది ఎందుకు మేత ముట్టడం లేదో ఆ వేళ్ళు చెప్పలేవు. సైగల భాష అన్నీ చెబుతుంది: నిన్నటి సంగతి, రేపటి అనుమానం, జరగని దాని మీద ఊహ, కోర్టు కాగితం, హాస్యం.

తోడు లేని పల్లె నుంచి ఈ భాషలోకి నడిచి వచ్చినవాళ్ళలో నాకు బాగా గుర్తుండే మనిషి మదన్ వశిష్ట. హిమాచల్ ప్రదేశ్‌లో గాగ్రెట్ ఆయన ఊరు. 11 ఏళ్ళప్పుడు జబ్బు చేసి వినికిడి పోయింది. పల్లెలో సేద్యం పనులు చేసుకుంటూ పెరిగాడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి ఢిల్లీ వెళ్తే అక్కడ మొదటిసారి బధిరుల మధ్య పడ్డాడు. అక్కడ కొత్తగా భాష నేర్చుకుని, 1967లో అమెరికాలో బధిరుల కోసమే ఉన్న గాలాడెట్ కాలేజీకి చేరి, ప్రొఫెసరయ్యాడు. 1970ల చివర్లో జేమ్స్ వుడ్‌వర్డ్, కిర్క్ విల్సన్‌లతో కలిసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరుల్లో బధిరుల సైగలు పరిశీలించి, మన దేశపు సైగల భాష మీద తొలి శాస్త్రీయ పరిశోధన చేసినవాళ్ళలో ఒకడయ్యాడు. ఆ పరిశోధనలో తేలిన ఒక సంగతి మనకి పనికొస్తుంది. నగరానికీ నగరానికీ కొన్ని మాటలు మారతాయి, వ్యాకరణం మాత్రం ఒకటే. ఢిల్లీలో తీసిన వీడియో చూసి మాచర్లలో నేర్చుకోవచ్చు. మన యాసా గోదావరి యాసా వేరైనా ఇద్దరం ఒకరికొకరం అర్థమైనట్టే అదీనూ.

ముందు సరైన వీడియో

యూట్యూబ్‌లో వెతికితే మొదట వచ్చేవి చాలావరకు అమెరికా సైగలు. తెలియక ఏడాది దాన్నే నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. గుర్తుపట్టడం తేలిక. అక్షరాలు ఒంటి చేత్తో చూపిస్తే అది అమెరికాది. మన భాషలో అక్షరాలకి చాలావరకు రెండు చేతులూ కావాలి. అది చూసి వెంటనే వీడియో మార్చండి.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది. అందరూ ఐఎస్ఎల్ఆర్టీసీ అంటారు. వాళ్ళ నిఘంటువు 2018లో 3,000 పదాలతో మొదలై, 2019లో 6,000కి, 2021లో 10,000కి చేరింది. ఈ మూడో విడతలో వ్యవసాయ పదాలు, వైద్య పదాలు, కోర్టు, ఆఫీసు పదాలు ఉన్నాయి. మిరప రైతుకి, ఆరెంపీకి, సచివాలయం ఉద్యోగికి ఎవరికి కావలసినవి వాళ్ళకి ఉన్నాయి. 2022లో ‘సైన్ లర్న్’ అనే యాప్ వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీతో 2020లో ఒప్పందం కుదిరాక బడి పుస్తకాలు కూడా సైగల్లోకి మారుతున్నాయి. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య కింద 31వ చానల్ సైగల భాష కోసమే మొదలైంది. ఇవన్నీ ఉచితం.

నిఘంటువుని మాత్రం నిఘంటువుగానే వాడండి. రోజుకి ఇరవై మాటలు బట్టీ పట్టడం గట్టున కూర్చుని ఈత నేర్చుకోవడమే. నా నాలుగు వందల మాటలూ బస్టాండులో ఎంతకి పనికొచ్చాయో చెప్పాను కదా.

చూపు సాధన

నేను ఇప్పటికీ చేసే పని చెబుతాను. ఒకటో తరగతి, రెండో తరగతి పాఠాల్లో మనకి తెలిసిన కథ ఉన్న సైగల వీడియో ఒకటి తీసుకోండి. ఫోన్లో శబ్దం పూర్తిగా తగ్గించండి. కింద అక్షరాలు వస్తుంటే ఆ చోట ఒక చీటీ అంటించండి. ఒక నిమిషం చూడండి, ఆపకుండా. తర్వాత కాగితం మీద అర్థమైంది తెలుగులో రాయండి, తప్పైనా సరే. మళ్ళీ చూడండి, మళ్ళీ రాయండి. మూడోసారి చూశాకే శబ్దం పెట్టండి. మొదటి వారం కాగితం మీద పొడి పొడి మాటలే ఉంటాయి: కాకి, నీళ్ళు, ఎగిరింది. నాలుగో వారానికి వాక్యాలు పడతాయి.

కళ్ళు ఎక్కడ పెట్టాలన్నది ఎవరూ మొదట చెప్పరు. కొత్తవాళ్ళం చేతులకేసి చూస్తాం. బధిరులు ముఖంలోకి చూస్తారు. చేతులు చూపు అంచున కదులుతుంటాయి. ముఖంలో సగం వ్యాకరణం ఉంది మరి. ‘తిన్నావు’, ‘తిన్నావా’ రెంటికీ చేతులు చేసే పని ఒక్కటే. తెలుగులో చివరి దీర్ఘం చేసే పని అక్కడ ఎత్తిన కనుబొమలు చేస్తాయి. చేతులకేసే చూస్తూ కూర్చుంటే మనల్ని ప్రశ్న అడిగారన్న సంగతే తెలియదు. బస్టాండులో నాకు జరిగింది అదే.

కిందటి అధ్యాయంలో వేళ్ళ అక్షరాలు నేర్చుకున్నాం. అచ్చులు గుర్తున్నాయి కదా: ఒక చేతి చూపుడు వేలితో రెండో చేతి వేళ్ళ కొసలు ముట్టడమే. బొటనవేలు ఏ, చూపుడు వేలు ఈ, నడిమి వేలు ఐ, ఉంగరం వేలు ఓ, చిటికెన వేలు యూ. వేగంగా అక్షరాలు చూపిస్తుంటే హల్లులు జారిపోతాయి, వేలి కొస ముట్టడం మాత్రం కంటికి ఆనుతుంది. అందుకని నేను మన ఊళ్ళని అచ్చులతో గుర్తుపట్టడం సాధన చేశాను. ఇంగ్లీషు స్పెల్లింగులో మాచర్ల అంటే బొటనవేలు, చూపుడు వేలు, మళ్ళీ బొటనవేలు. గురజాల అంటే ముందు చిటికెన వేలు, ఆ తర్వాత మూడుసార్లు బొటనవేలు. వినుకొండకి నడిమి వేలు, చిటికెన వేలు, ఉంగరం వేలు, బొటనవేలు, ఇలా ఒక్కోటి ఒక్కోసారి. నరసరావుపేటలో బొటనవేలు నాలుగుసార్లు, ఆపైన ఉంగరం వేలు, చివర చూపుడు వేలు. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళ చేత ఊళ్ళ పేర్లు చూపించమనండి. గుంటూరు నుంచి మాచర్ల దాకా స్టేషన్ల పేర్లు ఒక వరసలో చూపిస్తుంటే ఎక్కడ ఒక స్టేషను వదిలేశారో పట్టుకోవడం ఆట. మా ఇంట్లో ఈ ఆట రెండు వేసవులు నడిచింది.

తెలుగువాళ్ళకి కలిసొచ్చేది, అడ్డొచ్చేది

ఇంగ్లీషు వాక్యం నుంచి ఈ భాషకి వెళ్ళేవాళ్ళు మాటల వరస మొత్తం తిరగేసుకోవాలి. మనకి ఆ బాధ లేదు. క్రియ చివరకి రావడం, ‘ఏమిటి, ఎక్కడ, ఎవరు’ వాక్యం చివర నిలబడటం మనకి అలవాటే. ‘నీ పేరు ఏమిటి’ అన్నదాన్ని అదే వరసలో సైగ చేస్తే చాలు. కాదు, లేదు కూడా చివరనే.

అడ్డొచ్చేది విభక్తులు. కి, లో, తో, నుంచి అన్నవాటికి సైగలు వెతుక్కుంటూ కూర్చుంటారు. ఉండవు. వాటి పని ఖాళీ చోటు చేస్తుంది. ఎడమవైపు గాలిలో నడికుడి పెట్టండి, కుడివైపు మాచర్ల పెట్టండి. ఇప్పుడు ‘వెళ్ళడం’ ఎడమ నుంచి కుడికి జరిగితే నడికుడి నుంచి మాచర్లకి. కుడి నుంచి ఎడమకి జరిగితే తిరుగు ప్రయాణం. ‘ఇవ్వడం’ నా దగ్గర మొదలై మీ దగ్గర ఆగితే నేను మీకు ఇచ్చినట్టు. ఒకసారి పెట్టిన ఊరు మాట ముగిసేదాకా అక్కడే ఉండాలి. మధ్యలో మాచర్లని ఎడమకి మార్చేస్తే చూసేవాళ్ళు దారి తప్పుతారు. సైగ చేసేటప్పుడు నోటితో తెలుగు మాట్లాడటం కూడా మానాలి. రెండూ ఒకేసారి చేస్తే చేతులు తెలుగు వెంట పరిగెత్తి, చోటుని మరిచిపోతాయి.

ఇది ఒంటరిగా సాధన చెయ్యడానికి అద్దం కంటే ఫోను మేలు. నిన్న జరిగిన చిన్న సంగతి ఒకటి ఒక నిమిషం సైగల్లో చెప్పి వీడియో తీసుకోండి. వెంటనే చూడకండి. వారం ఆగండి. ఏం చెప్పారో మరిచిపోయాక తెరిచి, మీకే అర్థమవుతుందేమో చూడండి. నా మొదటి వీడియోలో నేను ఎవరికి డబ్బిచ్చానో నాకే తెలియలేదు. మనుషుల్ని ఎక్కడా పెట్టకుండా గాలిలో చెయ్యి ఊపేశాను. ఏ నిఘంటువూ ఆ తప్పు పట్టి ఇవ్వలేదు.

మాటలు దొరకనప్పుడు ఏం చెయ్యాలన్నది ఇంకో సాధన. కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభని చెప్పి చూడండి. శివరాత్రికి మన ఊళ్ళ నుంచి వెళ్ళే ప్రభని ఎరగనివాళ్ళకి చెప్పాలి. నేను చాలా రోజులు తంటాలు పడ్డాను. ‘ఎత్తు’, ‘వెదురు’, ‘దీపాలు’, ‘దేవుడు’ అని వరసగా నాలుగు సైగలు చేస్తే అది ప్రభ కాదు, సామాన్ల చిట్టా. తర్వాత తోచింది: ముంజేతినే ప్రభని చేసి నిలబెట్టడం. మోచేయి కింద రెండో అరచెయ్యి, అదే బండి. చెయ్యి నెమ్మదిగా ముందుకి కదులుతుంది, గతుకు వచ్చినప్పుడు పైభాగం ఒరుగుతుంది, మళ్ళీ నిలబడుతుంది. బుగ్గలు పూరిస్తే బరువు తెలుస్తుంది. ఇప్పుడు నేను మనిషినై కింద నిలబడి తలెత్తి చూస్తాను. మెడ వెనక్కి వాలేకొద్దీ ప్రభ ఎత్తు పెరుగుతుంది. రెండు చేతుల వేళ్ళూ తెరుచుకుంటూ మూసుకుంటూ కింద నుంచి పైకి పాకితే దీపాలు. నిఘంటువులో లేని మాట కంటికి కట్టింది. ఆ వీడియో నాకు పాఠాలు చెప్పే బధిర ఉపాధ్యాయురాలికి పంపాను. ఆమె ఎన్నడూ ఈ వైపు రాలేదు. జవాబుగా ఒకే ప్రశ్న వచ్చింది: లాగేది ఎద్దులా, ట్రాక్టరా? ఆ మాట నేను చెప్పనే లేదు. ఆమె చూసింది కాబట్టే అడిగింది.

ఒక్క మనిషి చాలు, కాని ఉండాలి

వినపడేవాళ్ళు ఇద్దరు కలిసి సాధన చేస్తే ఉత్సాహం నిలుస్తుంది, తప్పులు కూడా నిలుస్తాయి. ఒకరి తప్పు ఒకరికి అలవాటై, చివరికి ఆ ఇద్దరికే తెలిసిన భాష తయారవుతుంది. కాబట్టి వారానికి ఒక అరగంటయినా బధిరులైన ఒకరు మీ సైగ చూడాలి. ఐఎస్ఎల్ఆర్టీసీ ఆన్‌లైన్ తరగతులున్నాయి. విడిగా పాఠాలు చెప్పే బధిర ఉపాధ్యాయులు కూడా దొరుకుతారు. వాళ్ళకి ఫీజు ఇవ్వండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. సంగీతం మాస్టారికి ఇచ్చేవాళ్ళం ‘మీ భాషేగా, ఊరికే నేర్పొచ్చుగా’ అని వీళ్ళని అడగడం అన్యాయం.

వీడియో కాల్‌కి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, నడుము నుంచి తల పై దాకా కనపడేలా సర్దుకోండి. కిటికీ వెనక ఉండకూడదు, వెలుగు ముఖం మీద పడాలి. గళ్ళ చొక్కా, పూల చీర వద్దు. చేతుల రంగుకి తేడాగా ఉన్న ఒకే రంగు బట్ట మేలు. సిగ్నల్ తక్కువైతే వేళ్ళు మసకబారిపోతాయి. అలాంటప్పుడు కాల్ మానేసి ఒకరికొకరు చిన్న వీడియోలు పంపుకోండి. మా వైపు పల్లెల్లో చాలామంది బధిర కుర్రాళ్ళు వాట్సాప్‌లో చేసే పని ఇదే.

ఇక ఊళ్ళో. మండలానికొక భవిత కేంద్రం ఉంటుంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం. అక్కడి రిసోర్స్ టీచర్ని కలవండి. ఆ మండలంలో వినికిడి లేని పిల్లలెవరో, వాళ్ళ ఇళ్ళెక్కడో ఆ టీచరుకి తెలుస్తుంది. తల్లిదండ్రులు సరేనంటేనే ముందుకెళ్ళండి. సెప్టెంబరు 23 అంతర్జాతీయ సైగల భాషల దినం. 1951లో అదే తేదీన రోమ్‌లో ప్రపంచ బధిరుల సమాఖ్య ఏర్పడింది. ఐక్యరాజ్యసమితి గుర్తింపుతో 2018 నుంచి జరుపుతున్నారు. ఆ వారంలోనూ, డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవానికీ జిల్లా కేంద్రంలో జరిగే సభలకి వెళ్ళండి. వేదిక మీద ఉపన్యాసాలకంటే బయట టీ కొట్టు దగ్గర నేర్చుకునేది ఎక్కువ. సదరం శిబిరం రోజున మాత్రం సాధన కోసం వెళ్ళకండి. వైకల్య సర్టిఫికెట్ కోసం పొద్దున్నే వచ్చి ఎండలో నిలబడ్డవాళ్ళకి మన పాఠం వినిపించే సమయం కాదది. సాయం అడిగితే డాక్టరు మాట అందించండి, అంతే.

ఒక మర్యాద ఎప్పుడూ గుర్తుండాలి. బధిరులు మన అభ్యాస పుస్తకాలు కారు. వారం వారం వెళ్ళి మాటలు నేర్చుకుని, మనకి పరీక్షో పనో అయిపోగానే మాయమయ్యేవాళ్ళని వాళ్ళు చాలామందిని చూశారు. వెళ్తే స్నేహంగా వెళ్ళండి. పొలం పనుల్లో, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రి చీటీల్లో మీరూ వాళ్ళకి పనికి రండి.

భవిత కేంద్రం వరండాలో ఒకసారి ఒక తల్లిని అడిగాను, మీ వాడు మీతో మాట్లాడతాడా అమ్మా అని. ఏడేళ్ళ పిల్లాడు ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఆకలైతే చెప్తాడండీ. కడుపు నొప్పైతే చెప్తాడు. బళ్ళో ఏం జరిగిందో మాత్రం చెప్పలేడు. ఏదో చెప్పబోతాడు, నాకు తెలవదు. ఇక ఊరుకుంటాడు.”

“ఊరుకున్నప్పుడు మీరేం చేస్తారు?”

“దగ్గరికి తీసుకుంటానండీ. ఇంకేం చెయ్యను?”

బధిర పిల్లల్లో అత్యధికులు వినపడే తల్లిదండ్రులకే పుడతారు. కాబట్టి ఈ అధ్యాయం ఎక్కువగా అవసరమైంది ఇలాంటి తల్లులకే. వాళ్ళకి తోడు వెతుక్కునే పని లేదు, ఇంట్లోనే ఉంది. ఆమెకి నేను చెప్పింది చాలా చిన్న పని. రాత్రి అన్నం తినేటప్పుడు ఇంట్లో అందరూ గుండ్రంగా కూర్చోండి, పిల్లాడికి అందరి ముఖాలూ కనపడేలా. ఆ అరగంటా ఎవరు ఏం చెప్పినా చేతులతోనే చెప్పాలి, నాన్నా నాయనమ్మా సహా. రాని మాట వస్తే ఆగి, యాప్‌లో వెతికి, అందరూ ఒకసారి చేసి ముందుకెళ్ళాలి. రెండు నెలల తర్వాత ఆమె మళ్ళీ కనపడింది. నాయనమ్మ పక్కింటావిడ మీద ఏదో చాడీ చెబుతుంటే పిల్లాడు మధ్యలో చెయ్యెత్తి “ఎందుకు?” అని అడిగాడట. బళ్ళో సంగతులు ఆ పక్క వారం నుంచి మొదలయ్యాయట.

వినపడేవాళ్ళు కూడా సైగల్లో మాట్లాడితే ఊరు ఎలా ఉంటుందో చరిత్రలో ఉంది. అమెరికా తూర్పు తీరంలో మార్తాస్ వినియార్డ్ అనే దీవిలో వంశపారంపర్యంగా బధిరులు ఎక్కువగా ఉండేవాళ్ళు. రెండు వందల ఏళ్ళకి పైగా అక్కడ చాలామంది వినపడేవాళ్ళు కూడా సైగలు నేర్చుకునేవాళ్ళు. ఆ సంప్రదాయంలో పుట్టిన చివరి బధిర వ్యక్తి 1952లో పోయారు. నోరా గ్రోస్ అనే పరిశోధకురాలు 1985లో దాని మీద పుస్తకం రాసింది. దీవిలోని ముసలివాళ్ళని వెనకటి మనుషుల గురించి అడుగుతుంటే, ఫలానావాళ్ళు బధిరులన్న సంగతి కొందరికి వెంటనే గుర్తు రాలేదు. చేపలు పట్టేవాడు, పొలం ఉన్నవాడు అని గుర్తుంది. మన కర్ణాటకలో అలీపూర్ అనే ఊళ్ళోనూ బధిరులు ఎక్కువ, అక్కడి సైగల మీదా పరిశోధన జరిగింది.

ఇక మన ఊళ్ళో బడి మొహం చూడని పెద్దవాళ్ళున్నారంటే వాళ్ళకి భారతీయ సైగల భాష రాకపోవచ్చు. వాళ్ళ సైగల్ని దిద్దకండి. మీరు నేర్చుకున్నది పక్కన పెట్టి వాళ్ళది నేర్చుకోండి.

ఈ భాషలో మనుషుల పేర్లు ఎలా పెడతారో నాకు మూడో ఏడు తెలిసింది. ప్రతిసారీ అక్షరాలు చూపించరు. ఒకరి ముఖంలోనో అలవాటులోనో ఏదో ఒక గుర్తు పట్టుకుని దాన్నే సైగ చేస్తారు. సొట్ట బుగ్గ, గిరజాల జుట్టు, గడ్డం కింద పుట్టుమచ్చ. ఆ సైగే ఇక ఆ మనిషికి జీవితాంతం పేరు. ఆ పాఠం విన్న ఆదివారమే గురజాల బస్సెక్కాను. బాబాయికి డెబ్బై దాటాయి. అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నేను వాకిట్లో అడుగు పెట్టగానే తాడు పక్కన పెట్టి, వంటింటి గుమ్మంలో ఉన్న పిన్ని వైపు తిరిగాడు. ఎడమ కనుబొమ్మ మీద వేలితో ఒక గీత గీసి, నా వైపు చూపించాడు.